అన్నం తగ్గితే కంచంలో ఏముండాలి?

ఖరగ్‌పూర్ రైల్వే స్టేషనులోని ప్లాట్‌ఫారం పొడవు 1,072.5 మీటర్లు. 2013లో గోరఖ్‌పూర్‌లో అంతకంటె పొడవైనది సిద్ధమయ్యేవరకు, ప్రపంచంలోకెల్లా పొడవైన ప్లాట్‌ఫారం అన్న ఖ్యాతి దానిదే. ఆ చివరనుంచి ఈ చివరకు నడిచే మనిషికి ఆకలి లేకపోయినా నోరూరక మానదు. ఆవనూనె చిలకరించి కలిపిన మరమరాలు, వేడి వేడి సమోసాలు, పూరీ కూర, ఇడ్లీ, దోసె, మట్టి ముంతలో తియ్యని టీ ఒకదాని వెంట ఒకటి ఎదురవుతాయి. దేని రుచి దానిదే. కాని దినుసు మాత్రం బియ్యమో, గోధుమపిండో, బంగాళాదుంపో, పంచదారో అయి ఉంటుంది. ఆహార శాస్త్రం దృష్టిలో ఇవన్నీ పిండిపదార్థాలే.

“పిండిపదార్థాలు తగ్గించండి” అని డాక్టరు చెప్పగా, ఏడు రోజుల భోజన పట్టిక గల వంటల పుస్తకం ఒకటి కొనుక్కొని ఇంటిదారి పట్టిన రైల్వే ఉద్యోగికి ఈ నడకే మొదటి పరీక్ష. అసలు పరీక్ష ఇంటి దగ్గర, వంటింట్లో ఎదురుచూస్తూ ఉంటుంది.

అన్నమంటే భోజనమే

ఖరగ్‌పూర్‌లో తెలుగువారి చరిత్ర రైలుపట్టాలతోనే మొదలైనది. బెంగాల్ నాగపూర్ రైల్వే 1887లో ఏర్పడింది. ఆ శతాబ్దం ముగిసేలోగానే ఖరగ్‌పూర్‌ను జంక్షనుగా మలచి, అక్కడ పెద్ద కర్మాగారాన్ని నెలకొల్పే పనికి పూనుకొన్నది. శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాలనుంచి కుటుంబాలకు కుటుంబాలే ఆ పనులకు తరలివెళ్ళాయి. నాలుగైదు తరాలు గడిచినా వారి ఇళ్ళలో తెలుగు నిలిచే ఉన్నది. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాషగా గుర్తింపునివ్వాలని నిర్ణయించడానికి ఖరగ్‌పూర్ తెలుగువారే ముఖ్యకారణం.

భాషతోపాటు కంచమూ తరలివెళ్ళింది. “అన్నం తిన్నారా?” అంటే తెలుగులో భోజనమయిందా అని అర్థం. పక్క క్వార్టరులోని బెంగాలీ కుటుంబం కూడా “భాత్” అన్న మాటతోనే ఆ కుశల ప్రశ్న వేస్తుంది. అన్నం తినని పూట భోజనం చేయని పూటగానే లెక్క అన్న భావం రెండు జాతులకూ సమానమే. సమ్మెట పట్టి, పలుగు పట్టి రోజంతా కాయకష్టం చేసిన తాతలకు ఆ అన్నం ఇంధనమై ఖర్చయిపోయేది. మనుమలలో పలువురు నేడు కుర్చీలో కూర్చుని పని చేస్తున్నారు. పని మారినది గాని కంచంలోని అన్నం రాశి తగ్గలేదు.

దాని పర్యవసానం ఒక్క ఖరగ్‌పూర్‌కే పరిమితం కాదు. భారత వైద్య పరిశోధన మండలి దేశవ్యాప్తంగా జరిపించిన సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. దేశంలో సుమారు 10 కోట్ల 10 లక్షల మంది మధుమేహంతోను, మరి 13 కోట్ల 60 లక్షల మంది దాని తొలి మెట్టు మీదను ఉన్నారని ఆ సర్వే అంచనా వేసింది.

లండను వర్తకుని ఉత్తరం

పిండిపదార్థాలు తగ్గించి ఒళ్ళు తగ్గించుకోవడం కొత్త ఆలోచనేమీ కాదు. విలియం బాంటింగ్ లండనులో అంత్యక్రియల ఏర్పాట్లు చేసే వర్తకుడు. స్థూలకాయం వల్ల తన బూట్ల తాళ్ళు తానే కట్టుకోలేని స్థితికి వచ్చాడు. మెట్లు దిగాలంటే వెనుకకు తిరిగి మెల్లగా దిగవలసివచ్చేది. చెవుడుకని విలియం హార్వే అనే వైద్యుణ్ణి ఆశ్రయించగా, ఆయన రొట్టె, పంచదార, బంగాళాదుంప, బీరు మానిపించాడు. ఏడాది పైచిలుకు కాలంలో బాంటింగ్ బరువు 202 పౌన్లనుంచి 46 పౌన్లు, అంటే సుమారు 21 కిలోలు తగ్గింది. ఆ అనుభవాన్ని 1863లో చిన్న పుస్తకంగా అచ్చువేయించాడు. స్వీడిష్ భాషలో పథ్యం చేయడాన్ని నేటికీ ఆయన పేరుమీదనే “బాంటా” అంటారు.

ఆ తరువాత 1921లో అమెరికాలోని మేయో క్లినిక్‌కు చెందిన రసెల్ వైల్డర్ మూర్ఛరోగులకోసం పిండిపదార్థాలు దాదాపు లేని ఆహారాన్ని ప్రతిపాదించాడు. 1972లో రాబర్ట్ అట్కిన్స్ పుస్తకం ఈ పద్ధతిని సామాన్య గృహాలకు చేర్చింది. తెలుగునాట 2017, 2018 ప్రాంతాలలో వీరమాచనేని రామకృష్ణ ప్రచారం చేసిన విధానం ఊరూరా చర్చకు వచ్చింది. కొబ్బరినూనె వంటి కొవ్వులకు ప్రాధాన్యమిచ్చి ధాన్యాన్ని పక్కన పెట్టే పద్ధతి అది. దానిని మెచ్చినవారూ ఉన్నారు, అభ్యంతరం చెప్పిన వైద్యులూ ఉన్నారు.

కంచం లెక్క

పుస్తకం తెరిచేముందు ఇంటి లెక్క తెలుసుకోవడం మంచిది. 100 గ్రాముల బియ్యంలో సుమారు 78 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. పూటకు 150 గ్రాముల బియ్యం చొప్పున రెండు పూటలా తినే మనిషికి అన్నంనుంచే 230 గ్రాములకు పైగా సమకూరుతుంది. సాయంత్రం 50 గ్రాముల మరమరాలు దీనికి 38 గ్రాములు చేరుస్తాయి. రెండేసి చెంచాల పంచదారతో నాలుగు టీలు తాగితే మరి 30 గ్రాములకు తక్కువ ఉండదు. పప్పు, కూర, పాలు లెక్కించకముందే మొత్తం 300 గ్రాములకు చేరువవుతుంది.

రోజుకు 130 గ్రాములకు లోపైతే దానిని తక్కువ పిండిపదార్థాల ఆహారమని సాధారణంగా వ్యవహరిస్తారు. 50 గ్రాములకు లోపైనది అతి కఠినమైన పథ్యం. కొత్తవారు చాలామంది పొరబడేది ఇక్కడే. ఉత్సాహం కొద్దీ మొదటి రోజునే 300 నుంచి 50కి దూకుతారు. మూడవనాటికి తలనొప్పి, నీరసం, మలబద్ధకం మొదలవుతాయి. నాలుగవనాడు పుస్తకం అటక ఎక్కుతుంది.

ఆ నీరసానికి కారణం లేకపోలేదు. శరీరం కాలేయంలోను, కండరాలలోను గ్లైకోజెన్ రూపంలో పిండిపదార్థాన్ని నిలవ చేసుకొంటుంది. ఒక్కొక్క గ్రాము గ్లైకోజెన్‌ను అంటిపెట్టుకొని సుమారు మూడు గ్రాముల నీరు ఉంటుంది. నిలవ ఖర్చు కాగానే ఆ నీరు, దానితోపాటు లవణాలు వెలుపలికి పోతాయి. మొదటి వారంలో తూకం చూపించే రెండు మూడు కిలోల తగ్గుదలలో అధికభాగం ఈ నీరే. అది చూసి పొంగిపోవడం గాని, రెండవ వారంలో తూకం కదలలేదని కుంగిపోవడం గాని తగదు.

పుస్తకం వేరు, బజారు వేరు

ఈ పుస్తకాలలో అధికభాగం విదేశీ వంటిళ్ళను దృష్టిలో పెట్టుకొని వ్రాసినవి. బాదంపిండి, అవకాడో, జున్నులలో రకరకాలు వాటిలో నిత్యావసర వస్తువులు. ఆ జాబితాతో గోల్‌బజార్‌కు వెళ్ళిన ఉద్యోగి రెండు వారాల కూరగాయల డబ్బును రెండు రోజుల సరుకులకే ఖర్చుపెట్టి రావలసివస్తుంది. అన్నానికి బదులు తురిమిన కాలీఫ్లవరు వాడమంటాయి పుస్తకాలు. బెంగాల్‌లో కాలీఫ్లవరు చలికాలపు పంట. వేసవిలో దాని ధర వేరు, రుచి వేరు.

పుస్తకంలోని పదార్థాన్ని కాక పద్ధతిని తీసుకోవడం ఇందుకు పరిష్కారం. పిండి తక్కువగా ఉండే కూరగాయ కావాలంటే బజారులో సొరకాయ, పొట్లకాయ, కాకరకాయ, వంకాయ, బెండకాయ, క్యాబేజీ, తోటకూర ఏదో ఒకటి ఏ కాలంలోనైనా దొరుకుతాయి. మాంసకృత్తులకు సాల్మన్ చేపే కానక్కరలేదు, రోహూ గాని చిన్న చేపలు గాని చాలును. శాకాహారులకు పెరుగు, పనీరు, వేరుశనగలు, సోయా ఉన్నాయి. పెసరట్టులోనూ పిండి ఉన్నదిగాని, బియ్యపు దోసెతో పోల్చితే తక్కువ, మాంసకృత్తులు ఎక్కువ.

ఒక రోజు భోజనాన్ని ఈ విధంగా అమర్చుకోవచ్చును. ఉదయం రెండు కోడిగుడ్లు, కూర. మధ్యాహ్నం 60 గ్రాముల బియ్యంతో వండిన చిన్న గిన్నెడు అన్నం, పప్పు, కూర రెట్టింపు, పెరుగు. రాత్రి రెండు పలుచని పుల్కాలు, చేపల పులుసు, ఆకుకూర వేపుడు. అన్నంలో 47, పుల్కాలలో 32, 40 గ్రాముల పప్పులో 22, కూరగాయలలో 16, పెరుగులో 9 గ్రాముల పిండిపదార్థం ఉంటుందనుకొంటే, మొత్తం 126 గ్రాములు. కంచంలో అన్నం మాయం కాలేదు, పెద్దపీట మాత్రం కూరకు దక్కింది.

ఆదివారం గంటన్నర

పథ్యానికి పెద్ద శత్రువు రుచి కాదు, తీరిక లేకపోవడం. రైల్వే ఊరిలో డ్యూటీ వేళలు ఒక వారం ఉన్నట్టు మరొక వారం ఉండవు. రాత్రి డ్యూటీనుంచి తెల్లవారి అలసి వచ్చిన మనిషి పుస్తకం తెరిచి పన్నెండు దినుసులతో వంట మొదలుపెడతాడనుకోవడం అత్యాశ. చేతికందినది తింటాడు. కాబట్టి చేతికందేది ఏమిటన్నది ముందే నిర్ణయించి పెట్టుకోవాలి.

అందుకు సెలవునాడు గంటన్నర చాలును. అరడజను గుడ్లు ఉడికించి పెంకు తీయకుండా ఫ్రిజ్‌లో ఉంచాలి. ఉల్లి, టొమాటో, అల్లం, వెల్లుల్లి వేయించి ముద్దగా చేసి పెట్టుకొంటే అది నాలుగు కూరలకు పునాది. చేపముక్కలకు ఉప్పు, పసుపు పట్టించి పూటకు సరిపడే పొట్లాలుగా గడ్డకట్టించవచ్చును. రెండు రోజులకు సరిపడే కూరగాయలు తరిగి పెట్టుకోవచ్చును. ఇరవై ఒక్క పూటలకు ఇరవై ఒక్క వంటకాలు పుస్తకానికి అందమేగాని, కొత్తవారికి భారం. రెండు ఉదయపు ఫలహారాలు, మూడు కూరలు, రెండు రాత్రి భోజనాలు మార్చి మార్చి వండుకొంటే నెల గడిచిపోతుంది.

రాత్రి డ్యూటీ సంచిలో బిస్కత్తులకు, మరమరాలకు బదులు గుప్పెడు వేయించిన వేరుశనగలు, ఉడికిన గుడ్డు, సీసాలో మజ్జిగ చేరాలి. టీలో పంచదార వారానికి అరచెంచా చొప్పున తగ్గిస్తే నాలుక గొడవ చేయదు. ఇంట్లో ఒకరికి పథ్యం, మిగిలినవారికి మామూలు వంట అని రెండు పొయ్యిలు వెలిగిస్తే ఇల్లాలికి విసుగు పుట్టక తప్పదు. కూరలు, పప్పు, పులుసు అందరికీ ఒకటే కావాలి, మారవలసినది ఒక్క అన్నం కొలత. పిల్లలకు, బాలింతలకు, కాయకష్టం చేసేవారికి ఆ కొలత తగ్గించనక్కరలేదు.

మందులు వాడేవారికి హెచ్చరిక

వంటల పుస్తకాలు తరచు చిన్న అక్షరాలలో అచ్చువేసే విషయం ఒకటి ఉన్నది. ఇన్సులిన్ గాని, గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు గాని వాడే మధుమేహ రోగి, మందు మోతాదు మార్చకుండా అన్నం హఠాత్తుగా తగ్గించినట్లయితే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చును. చెమటలు, వణుకు, గుండెదడ, మాట తడబాటు, అయోమయం దాని లక్షణాలు. 70 మిల్లీగ్రాములకు దిగువన ఉంటే వెంటనే మూడు చెంచాల పంచదార గాని గ్లూకోజు గాని నీటిలో కలిపి తాగి, పదిహేను నిమిషాల తరువాత మళ్ళీ పరీక్షించుకోవాలి. పథ్యం ఆ క్షణానికి వర్తించదు. రైలు నడిపేవారు, సిగ్నళ్ళు చూసేవారు, యంత్రాల దగ్గర పనిచేసేవారు అధికంగా ఉన్న ఊరిలో ఒక మనిషి అయోమయం ఆ మనిషితో ఆగిపోదు.

డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటి మాత్రలు వాడేవారు అతి కఠినమైన పథ్యం పట్టినప్పుడు రక్తంలో ఆమ్లాలు పేరుకొనే ప్రమాదమున్నది. చక్కెర మరీ ఎక్కువగా లేకపోయినా ఇది సంభవించవచ్చును. రక్తపోటు మాత్రలు వాడేవారికి రక్తపోటు అవసరానికి మించి తగ్గవచ్చును. మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు, గర్భిణులు వైద్యుని అనుమతి లేనిదే ఈ పుస్తకాల జోలికి పోరాదు. బజారుకు వెళ్ళే ముందు డాక్టరు దగ్గరకు వెళ్ళి మందుల చీటీ చూపించుకోవడం పట్టికలోని మొదటి పని కావాలి.

ఇంతకూ ఫలితమెంత?

అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం 609 మందిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు కొవ్వు, రెండవ జట్టుకు పిండిపదార్థాలు తగ్గించి ఏడాదిపాటు పరిశీలించింది. 2018లో వెలువడిన ఫలితం ప్రకారం మొదటి జట్టువారు సగటున 5.3 కిలోలు, రెండవ జట్టువారు 6 కిలోలు తగ్గారు. ఆ తేడా లెక్కించదగినది కాదని పరిశోధకులు తేల్చారు. ఏ పద్ధతినైనా విడువకుండా పాటించడమే ముఖ్యమని దీనినిబట్టి గ్రహించవచ్చును.

భారతీయుల విషయంలో మాత్రం అన్నం తగ్గించడానికి ప్రత్యేకమైన కారణం ఉన్నది. 2025లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం ప్రకారం, మనకు అందే కెలోరీలలో సుమారు 62 శాతం పిండిపదార్థాలనుంచే వస్తున్నది. తెల్ల బియ్యం మాని అంతే మోతాదులో గోధుమలో చిరుధాన్యాలో తిన్నంతమాత్రాన మధుమేహ భయం తగ్గినట్లు ఆ అధ్యయనంలో కనిపించలేదు. పిండిపదార్థంలో కొంత తగ్గించి, ఆ స్థానాన్ని పప్పుదినుసుల, పాల మాంసకృత్తులతో నింపినవారిలో ఆ భయం తక్కువగా ఉన్నది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన మార్గదర్శకాలు కూడ, ధాన్యాలనుంచి వచ్చే కెలోరీలు 45 శాతానికి మించరాదని చెప్పుతున్నవి.

అంటే కంచంనుంచి ఏమి తీసివేశామన్నది సగం ప్రశ్న మాత్రమే. ఆ ఖాళీలో ఏమి పెట్టామన్నది మిగిలిన సగం. అన్నం తీసి ఖాళీ ఉంచినవాడికి ఆకలి తిరగబడి, రాత్రి పదిగంటలకు మరమరాల డబ్బా మూత తెరిపిస్తుంది. ఆ చోట చేపనో, గుడ్డునో, పప్పునో, గిన్నెడు సొరకాయ కూరనో ఉంచినవాడికి ఆ డబ్బా గుర్తు రాదు.

ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం మీద మరమరాల బండి రేపూ ఉంటుంది, మట్టి ముంతలో టీ రేపూ పొగలు కక్కుతుంది. వాటితో జీవితాంతం పోరాడనక్కరలేదు. ఇంటి దగ్గర కడుపు నిండిన మనిషికి 1,072 మీటర్లు నడవడం అంత కష్టమేమీ కాదు. ఇంటికి చేరాక పొరుగువారు “అన్నం తిన్నారా?” అని అడిగినప్పుడు “తిన్నాం” అనే ఆ మనిషి నిశ్చింతగా జవాబు చెప్పవచ్చును. తిన్నది చిన్న గిన్నెడే అయినా అది అన్నమే గదా!