చీకటిలో వేట

కనులకు గంతలు కట్టుకొని తోటివారిని పట్టుకొను ఆట మన బాలురందరికిని తెలిసినదే. కనబడనివానిని పట్టుట యెట్లు? కనబడనివానినుండి తప్పించుకొనుట యెట్లు? పిల్లల ఆటగా తోచు ఈ ప్రశ్న గణితవేత్తలకు చిరకాలము పని కల్పించినది.

అమెరికా గణితవేత్త రూఫస్ ఐజాక్స్ 1965లో ప్రకటించిన 'డిఫరెన్షియల్ గేమ్స్' అను గ్రంథమున ఒక సమస్య నుంచెను. కటికచీకటి గదిలో ఒక రాక్షసుడును ఒక రాకుమారియు ఉన్నారు. గది ఆకారము ఇరువురకును తెలియును. ఒకరి జాడ మరియొకరికి తెలియదు. చేతికందునంత చేరువకు వచ్చిననే గాని ఆమె పట్టుపడదు.

ఎంత చక్కని ఉపాయమైనను ఎదుటివారికి ముందుగా తెలిసిపోయినచో నిరుపయోగము. రాక్షసుడు ఏ దారిని పోవునో తెలిసినచో రాకుమారి ఆ దారినుండి తొలగిపోవును. ఆమె ఒకచోటనే దాగియుండునని తెలిసినచో గదినంతయు ఒకమారు గాలించిన చాలును. కావున ఇరువురకును శరణ్యము యాదృచ్ఛికతయే. అనగా చీటీ వేసికొని నడచుటయే.

1979లో ష్మూయెల్ గాల్ అను ఇజ్రాయెల్ గణితవేత్త, గోడలు లోనికి వంగని గదుల విషయమున దీనిని పరిష్కరించెను. రాకుమారి చీటీలో వచ్చిన తావునకు పోయి, మరీ తక్కువయు మరీ ఎక్కువయు గాని కొంతసేపు నిలిచి, పిదప మరల చీటీ వేయవలెను. రాక్షసుడు గదిని సన్నని దీర్ఘచతురస్రములుగా విభజించి, చీటీ వచ్చినదానిని గాలించి, కొంతసేపటికి మరియొకదానికి మారవలెను. చేయందు దూరము గదికంటె మిక్కిలి చిన్నదైనచో, పట్టుపడుటకు సగటున పట్టు కాలము, గది వైశాల్యమును ఆ దూరమునకు రెట్టింపుతోను రాక్షసుని వేగముతోను భాగించిన వచ్చు లబ్ధమునకు సమీపముగ నుండును. గది 40 మీటర్ల పొడవు, 30 మీటర్ల వెడల్పు. చేయి అర మీటరు. వేగము సెకనుకు ఒక మీటరు అనుకొందము. 1,200 సెకన్లు, అనగా 20 నిమిషములు. రాకుమారి ఎంత వడిగా పరుగెత్తినను ఈ సగటును చెప్పుకోదగినంత పెంచజాలదు.

ఇది వట్టి కథ యని త్రోసివేయరాదు. గుహలో దారి తప్పి తిరుగాడు మనుజుని వెదకుట యెట్లని గుహాన్వేషకుడు రిచర్డ్ బ్రీష్ 1967లో చర్చించెను. అందుకు కనీసము ఎందరు కావలెనను ప్రశ్నను టోరెన్స్ పార్సన్స్ 1978లో వెలువడిన వ్యాసమున గణితమునకు లోబరచెను.

మూడు సొరంగములు కలియు కూడలిని ఊహింపుడు. వెదకువాడు ఒక్కడే యైనచో, అతడు రెండవ సొరంగమున నుండగా, మూడవదానిలోని బాటసారి కూడలి దాటి, అంతకుముందే వెదకిన మొదటిదానిలో చేరవచ్చును. ఆ శ్రమ వృథా. గుహలో కాలహరణము ప్రాణహరణమే. ఇరువురున్నచో ఒకడు కూడలిలో నిలువగా రెండవవాడు ఒక్కొక్క సొరంగమును గాలించును. అడుగైనను కదలక నిలిచినవాడే ఇందు వెదకులాటను సఫలము చేయుచున్నాడు.

కూడలిలో సొరంగములు ఐదైనచో ఎందరు కావలెనో ఉపాధ్యాయులు నల్లబల్లపై గీతలు గీచి విద్యార్థుల నడిగి చూతురుగాక.