గద్దీల కట్టు – చలికి ఆటకట్టు

ఐసు అమ్మేవాళ్ళు మంచుగడ్డను రంపపు పొట్టులో కప్పి, గోనెపట్టాలో చుట్టి ఉంచుతారు. చలికాలంలో మనమేమో రగ్గు కప్పుకొంటాం. అక్కడ చల్లదనం పోకూడదు; ఇక్కడ వెచ్చదనం పోకూడదు. రెండు చోట్లా చుట్టి కప్పడమే ఉపాయం! దీన్నిబట్టి ఏం తెలుస్తోంది? రగ్గుకు సొంత వేడి అంటూ ఏమీ లేదు. వేడి ఇటునుంచి అటు పోకుండా అడ్డుపడటమే దాని పని.

ఈ సూత్రం మీద ఆధారపడి మంచుకొండల్లో తరతరాలుగా బతుకుతున్నవారు గద్దీలు. వీరు గొర్రెల, మేకల కాపరులు. హిమాచల్ ప్రదేశ్‌లోని చంబా జిల్లాలో ఉన్న భర్మౌర్ ప్రాంతం వీరి పుట్టినిల్లు. ధౌలాధార్ పర్వతశ్రేణికి ఇవతల, కాంగ్రా జిల్లాలో కూడా ఎందరో స్థిరపడ్డారు. చలికాలంలో మందలను దిగువ కొండలకు తోలుకొని వస్తారు. ఎండాకాలం రాగానే పచ్చిక కోసం మళ్ళీ పైకి నడక సాగిస్తారు. ధౌలాధార్‌ను దాటించే ఇంద్రహార్ కనుమ ఎత్తు సముద్రమట్టానికి సుమారు 4,300 మీటర్లు. కొన్ని మందలు ఇంకా ముందుకు పోయి లాహూల్ పచ్చికబయళ్ళు చేరుకుంటాయి.

ఇక్కడ చిన్న లెక్క చేద్దాం. పైకి పోయేకొద్దీ ప్రతి 1,000 మీటర్లకు ఉష్ణోగ్రత సగటున 6.5 సెల్సియస్ డిగ్రీలు తగ్గుతుంది. 1,300 మీటర్ల ఎత్తున ఉన్న ఊళ్ళో 25 డిగ్రీలు ఉందనుకోండి. అక్కడికి 3,000 మీటర్లు పైన ఉన్న కనుమలో ఎంత ఉంటుంది? దాదాపు 5 డిగ్రీలు! దానికి తోడు ఈదురుగాలి, వాన, ఒక్కోసారి మంచు. మన శరీరం లోపలి ఉష్ణోగ్రత 37 డిగ్రీలు. అది 35కు దిగువకు పడిపోతే ప్రమాదం మొదలైనట్లే. ఒళ్ళు వణుకుతుంది, మాట తడబడుతుంది, మతి స్థిమితం తప్పుతుంది. కనుమ మీద కాపరికి దగ్గరలో ఇల్లుండదు, వైద్యుడుండడు. ఒంటి మీది బట్టే అతని ప్రాణానికి రక్ష.

ఆ బట్ట ఎలా ఉంటుంది? మగవారు తొడిగే ఉన్ని అంగీని 'చోలా' అంటారు. బాగా వదులుగా, మోకాళ్ళ దాకా ఉంటుంది. నడుముకు 'డోరా' అనే ఉన్ని తాడును చుట్టు మీద చుట్టుగా బిగిస్తారు. దాని పొడవు పది మీటర్లకు మించి ఉంటుంది! తెల్ల గొర్రెల ఉన్నితో చోలా, నల్ల గొర్రెల ఉన్నితో డోరా. రంగు అద్దే పని లేదు. ఆడవారు ఎక్కువ బట్టతో, కుచ్చెళ్ళతో కుట్టిన 'లువాంచడీ' ధరిస్తారు. వారి నడుముకు కూడా డోరా ఉంటుంది. మంద వెంట నడుస్తూనే కాపరులు తకిలీతో ఉన్ని వడకడం అక్కడ మామూలు దృశ్యం.

ఇక ఉన్ని సంగతి. ఉన్ని పోగు తిన్నగా ఉండదు, అలలు అలలుగా వంకర తిరిగి ఉంటుంది. అందుచేత పోగులు ఒకదానికొకటి అతుక్కుపోవు. వాటి మధ్య లెక్కలేనన్ని సందులు ఏర్పడి, వాటిలో గాలి చిక్కుకొంటుంది. కదలని గాలి అధమ ఉష్ణవాహకం. కాబట్టి ఒంటి వేడిని కాపాడేది ఉన్ని పట్టి ఉంచిన గాలి అన్నమాట.

వానలో తడిస్తే? నీటి ఉష్ణవాహకత్వం గాలికన్నా సుమారు 25 రెట్లు ఎక్కువ. తడిసిన నూలు బట్ట ఒంటికి అంటుకుపోతుంది. సందుల్లోని గాలి స్థానంలో నీరు చేరి, ఒంటి వేడిని లాగేస్తుంది. ఉన్ని అలా కాదు. అది తన బరువులో దాదాపు 30 శాతం దాకా నీటి ఆవిరిని పోగుల లోపలికి పీల్చుకొన్నా చేతికి తడి తగలదు. పీల్చుకొనేటప్పుడు కొంచెం వేడి కూడా వెలువడుతుంది. బాగా తడిసినా పోగుల వంకర పూర్తిగా పోదు గనుక కొంత గాలి మిగిలే ఉంటుంది. మన తెలంగాణ, రాయలసీమ గొర్రెల కాపరులు వానలో గొంగడి కప్పుకోవడంలోని కిటుకు కూడా ఇదే.

మరి ఈదురుగాలి మాటేమిటి? నేసిన ఉన్ని బట్టను గోరువెచ్చని నీటిలో నానబెట్టి కాళ్ళతో తొక్కుతారు. ఉన్ని పోగు పైన చేప పొలుసుల వంటి పొలుసులుంటాయి. తొక్కినప్పుడు అవి ఒకదానితో ఒకటి పెనవేసుకొని బిగుసుకుంటాయి. బట్ట కుంచించుకుపోయి దళసరి అవుతుంది, గాలి దూరే కంతలు మూసుకుపోతాయి. స్వెట్టరును వేడినీళ్ళలో రుద్ది ఉతికితే పొట్టిదైపోవడం మీలో కొందరు చూసే ఉంటారు. మనకు అది నష్టం. గద్దీలకు అదే లాభం!

డోరా పని ఇంకొకటి. వేడెక్కిన గాలి తేలికై పైకి పోతుంది గదా! వదులు అంగీకి నడుము దగ్గర కట్టు లేకపోతే లోపలి వెచ్చని గాలి మెడ దగ్గర బయటికి పోయి, కింది నుంచి చల్లగాలి లోపలికి వస్తుంది. దీన్నే సంవహనం అంటారు. డోరా ఆ దారిని నడుము దగ్గరే మూసేస్తుంది. పైగా డోరాకు పైభాగాన చోలా సంచిలా ఉబ్బుతుంది. దారిలో ఈనిన గొర్రెపిల్ల తడి ఒంటితో వణుకుతూ, నడవలేకుండా ఉంటే కాపరి దాన్ని ఆ సంచిలో పెట్టుకొంటాడు. ఒకే వెచ్చని గాలి ఇద్దరినీ కాపాడుతుంది.

ఈ రోజుల్లో చోలా ఎక్కువగా పెళ్ళిళ్ళలో, పండుగలలో కనిపిస్తోంది. యువకులు చాలామంది దూది వంటి కృత్రిమ పోగులు కూరిన జాకెట్లు తొడుగుతున్నారు. ఆ పోగుల మధ్య ఉన్నదీ గాలే! బట్ట మారింది కాని సూత్రం మారలేదు.

మీరే చేసి చూడండి: ఒకే రకం సీసాలు రెండు తీసుకొని, సమానంగా వేడినీరు పోయండి. ఒకదానికి ఉన్ని గుడ్డ, రెండోదానికి అంతే మందంగా నూలు గుడ్డ చుట్టండి. అయిదు నిమిషాలకొకసారి ఉష్ణమాపకంతో కొలిచి రాసుకోండి. తరువాత గుడ్డలు రెండింటినీ నీళ్ళలో ముంచి, పిండి, మళ్ళీ చుట్టి, తిరిగి వేడినీటితో మొదలుపెట్టండి. పొడిగా ఉన్నప్పుడు రెండింటికీ తేడా ఎంత? తడిసినప్పుడు ఎంత? ఎందుకో ఆలోచించండి.