కరవుకీ యుద్ధానికీ నడుమ విలేఖరి
సిరియాలో 2006-10 మధ్య తీవ్రమైన కరవు వచ్చింది. ఈశాన్యాన పంటలు ఎండి, పశువులు చచ్చి, రైతు కుటుంబాలు పట్టణాలకు వలసపోయాయి. 2011లో తిరుగుబాటు రేగి, యుద్ధంగా మారింది. ఆ యుద్ధాన్ని వాతావరణ మార్పే తెచ్చిందని రాయడం తేలిక, కానీ అన్యాయం. 2008లో ప్రభుత్వం డీజిల్ సబ్సిడీకి కోత పెట్టింది. మోటార్లతో నీళ్లు తోడుకునే రైతుకు అది పెద్ద దెబ్బ. ఇక దరా పట్టణంలో నిరసనలు రాజుకున్నది గోడల మీద రాతలు రాసిన పిల్లల అరెస్టుతో. కాబట్టి విలేఖరి ముందుగా అడగాల్సింది, నీళ్లు తగ్గినప్పుడు అవి ఎవరికి అందాయి, ఎవరికి అందలేదు, ఆ నిర్ణయం ఎవరిదని. వలస వచ్చినవారినే గొడవకు మూలంగా చూపడం మరీ దారుణం. మానవ చర్యల వల్ల పెరిగిన వేడి ఆ కరవు ముప్పును పెంచిందని 2015లో ఒక అధ్యయనం చెప్పింది. కరవు, వలస, యుద్ధం మధ్య చూపిన లంకెకు ఆధారాలు బలహీనమని 2017లో మరో బృందం వాదించింది. కథనంలో రెంటికీ చోటుండాలి.