పిల్లల తలకు దెబ్బ తగిలినపుడు: బొప్పి పరిమాణం కాదు, లక్షణాలే ప్రమాణం

(ప్రత్యేక వ్యాసం)

ఉయ్యాల నుండి జారిన పసిబిడ్డ, మంచం పైనుండి దొర్లిన పాప, పిట్టగోడ లేని డాబాపై గాలిపటం ఎగురవేస్తూ కాలుజారిన బాలుడు. పిల్లలున్న ఇళ్లలో తరచుగా వినవచ్చే సంఘటనలివి. తలపై బొప్పి కట్టగానే తల్లిదండ్రులు ఆందోళన చెందడం సహజం. అయితే ఏ దెబ్బకు ఇంటివద్ద విశ్రాంతి చాలు, ఏ దెబ్బకు తక్షణ వైద్యం అవసరం అన్న విచక్షణ ముఖ్యం. తెనాలి, బాపట్ల, రేపల్లె పరిసర గ్రామాల వారికి ఈ విషయంలో అవగాహన మరింత అవసరం. నాడీశస్త్రచికిత్స విభాగం గల గుంటూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రి తెనాలికి సుమారు 25, బాపట్లకు సుమారు 50, రేపల్లెకు సుమారు 60 కిలోమీటర్ల దూరంలో ఉంది. నిర్ణయంలో జరిగే ఆలస్యానికి ఈ ప్రయాణ కాలం కూడా తోడవుతుంది.

అధిక శాతం దెబ్బలు ప్రమాదకరం కావు

తలదెబ్బతో ఉత్తర అమెరికాలోని 25 ఆసుపత్రుల అత్యవసర విభాగాలకు వచ్చిన 42,412 మంది పిల్లలపై జరిపిన అధ్యయనం 2009లో లాన్సెట్ వైద్యపత్రికలో ప్రచురితమైంది. వీరంతా స్పృహలో పెద్దగా మార్పు లేకుండా వచ్చినవారే. వీరిలో మెదడుకు తీవ్రగాయమైనట్లు తేలినవారు 376 మంది, అనగా నూటికి ఒకరికన్న తక్కువ. శస్త్రచికిత్స అవసరమైనవారు 60 మంది. కనుక ప్రతి బొప్పికి సి.టి. స్కాన్ అవసరం లేదు. స్కాన్ వలన పిల్లల శరీరానికి కొంత రేడియేషన్ సోకుతుంది గనుక వైద్యులు లక్షణాలను పరిశీలించిన పిదపనే దానిని సూచిస్తారు.

తలపై చర్మానికి రక్తనాళాలు అధికం. అందువలన చిన్న దెబ్బకు సైతం బొప్పి పెద్దదిగా కనిపిస్తుంది. నుదుటిపై కట్టే బొప్పి సాధారణంగా కొద్ది రోజులలో తగ్గిపోతుంది. కణత వద్ద, చెవి పైభాగాన, తల వెనుక ఏర్పడే వాపును మాత్రం, ముఖ్యంగా రెండేళ్లలోపు పిల్లలలో, తేలికగా తీసుకోరాదు. కణత వద్ద ఎముక పలుచన. దాని లోపలివైపు ఉన్న రక్తనాళం చిట్లితే పుర్రెకు, మెదడు పైపొరకు నడుమ రక్తం చేరుతుంది. ఇటువంటి సందర్భంలో బిడ్డ మొదట లేచి ఆడుకొని, కొన్ని గంటల తరువాత మగతలోకి జారుకొనే అవకాశం ఉంది. 'పడిన వెంటనే బాగానే ఉన్నాడు' అన్న మాటతో నిశ్చింతగా ఉండరాదని చెప్పడానికి కారణమిదే.

తక్షణం ఆసుపత్రికి తీసుకువెళ్లవలసిన లక్షణాలు

* కొద్ది క్షణాలైనా స్పృహ తప్పడం, మూర్ఛ రావడం
* పదేపదే వాంతులు కావడం
* లేపినా సరిగా లేవకపోవడం, మగత, తికమక మాటలు, తల్లిదండ్రులను గుర్తించకపోవడం
* అంతకంతకూ పెరిగే తలనొప్పి, ఎంత ఊరడించినా ఆగని ఏడుపు
* ముక్కు లేదా చెవి నుండి రక్తం, నీరువంటి ద్రవం కారడం
* కంటిపాపలు ఒకటి పెద్దదిగా, ఒకటి చిన్నదిగా కనిపించడం, చూపు మసకబారడం
* కాలు, చేయి బలహీనపడటం, నడక తూలడం
* పసిబిడ్డ నడినెత్తిన మెత్తగా ఉండే మాడు ఉబ్బడం, పాలు తాగకపోవడం
* తలపై సొట్ట పడటం, తాకితే మెత్తగా ఉండే పెద్ద వాపు

రెండేళ్లలోపు పిల్లలు మూడడుగులకు మించిన ఎత్తు నుండి, అంతకు పైబడినవారు ఐదడుగులకు మించిన ఎత్తు నుండి పడినా, వాహనం ఢీకొన్నా, లక్షణాలతో నిమిత్తం లేకుండా వైద్యునికి చూపించాలి. ఏడాదిలోపు శిశువుల విషయంలోనూ ఇదే శ్రేయస్కరం. 'బిడ్డ ఎప్పటిలా లేడు' అని తల్లికి అనిపించడం కూడా వైద్యులు పరిగణనలోకి తీసుకొనే లక్షణమే.

ఇంటివద్ద చేయదగినవి, చేయరానివి

శుభ్రమైన గుడ్డలో మంచుముక్కలు చుట్టి పది, పదిహేను నిమిషాలు అద్దాలి. బొప్పిని గట్టిగా రుద్దడం, గాయంపై కాఫీపొడి, సున్నం, పసుపు అద్దడం తగదు. రక్తం కారుతుంటే గుడ్డతో అదిమిపట్టాలి. అయితే ఎముక లోపలికి నొక్కుకుపోయినట్లు కనిపిస్తే దానిపై అదమరాదు. నొప్పికి బిడ్డ బరువునుబట్టి పారాసిటమాల్ ఇవ్వవచ్చు. ఆస్పిరిన్ ఇవ్వరాదు. మెడ నొప్పి అంటున్న బిడ్డను, స్పృహలేని బిడ్డను కుదుపుతూ ఎత్తరాదు. నోట నీరు పోయరాదు.

దెబ్బ తగిలిన బిడ్డను నిద్రపోనీయకూడదన్న అభిప్రాయం సరికాదు. పై లక్షణాలేవీ లేనప్పుడు నిద్రపోనీయవచ్చు. మొదటి రాత్రి ఒకటి రెండుసార్లు లేపి, మామూలుగా స్పందిస్తున్నదీ లేనిదీ చూడాలి. కనీసం 24 నుండి 48 గంటలపాటు బిడ్డను గమనిస్తుండాలి.

సమయమే కీలకం

ప్రమాద లక్షణాలు కనిపిస్తే ఒక క్లినిక్ నుండి మరొక క్లినిక్‌కు తిరుగుతూ కాలయాపన చేయక, 2005 ఆగస్టు 15న రాష్ట్రంలో ప్రారంభమైన 108 అంబులెన్సు సేవను పిలవాలి. పడిన సమయం, ఎత్తు, వాంతుల సంఖ్య ఒక కాగితంపై రాసి వైద్యునికి అందిస్తే పరీక్ష సులభమవుతుంది. ఆశా కార్యకర్తలు, అంగన్‌వాడీ సిబ్బంది, ఉపాధ్యాయులు ఈ అలవాటును గ్రామాలలో ప్రచారం చేయవలసి ఉంది. 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్విభజనతో బాపట్ల, రేపల్లె బాపట్ల జిల్లాలో చేరగా తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉంది. అత్యవసర చికిత్సకు ఈ సరిహద్దులు అడ్డు కారాదు. పోలీసు లాంఛనాల కోసం వేచి ఉండక ముందుగా ప్రాణరక్షణ చికిత్స అందించాలని సుప్రీంకోర్టు 1989లోనే స్పష్టం చేసింది.

నివారణ

డాబాలకు పిట్టగోడలు, మెట్లకు కటకటాలు, ఉయ్యాల కింద మెత్తని పరుపు వంటి ఏర్పాట్లు ఖర్చు తక్కువ, ప్రయోజనం ఎక్కువ. ద్విచక్ర వాహనంపై తొమ్మిది నెలల నుండి నాలుగేళ్ల పిల్లలకు హెల్మెట్, రక్షణ పట్టీ తప్పనిసరి చేస్తూ, వేగం గంటకు 40 కిలోమీటర్లు మించరాదని కేంద్రం 2022 ఫిబ్రవరిలో నిబంధనలు జారీ చేసింది. అవి 2023 ఫిబ్రవరి 15 నుండి అమలులోకి వచ్చాయి. బొప్పి నాలుగు రోజులలో తగ్గిపోవచ్చు. ప్రమాద లక్షణాలను ఉపేక్షించి జారవిడిచిన గంటలు మాత్రం తిరిగి రావు.