జుర్మానా కట్టకపోతే భూమి పోతుందా?

చిన్న కొట్లాట కేసులో జుర్మానా పడింది. చేతిలో పైసల్లేవు. భూమి గుంజుకుంటరా? మేడ్చల్, శామీర్‌పేట మండలాల్లో ఈ ప్రశ్నకు బరువెక్కువ. ఔటర్ రింగు రోడ్డు వచ్చాక ఇక్కడి నేల ధర ఎక్కడికో పోయింది. ఒకసారి చేజారిన లావణి పట్టా భూమిని దళిత కూలీ మళ్లీ కొనలేడు. అందుకే చట్టం ఏమంటుందో తెలుసుకోవాలని మేము అంటున్నాం.

అమెరికాలో కొన్ని రాష్ట్రాల్లో కోర్టు జరిమానా నేరుగా ఆస్తి మీద బాకీగా నమోదవుతుంది. మన దగ్గర జరిమానా దానంతట అదే భూమికి చుట్టుకోదు. కోర్టు వారంటు ఇవ్వాలి. 1973 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 421వ సెక్షన్ ఈ పద్ధతిని పెట్టింది. 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 461వ సెక్షన్ అమల్లో ఉంది. దారులు రెండు. ఒకటి, చరాస్తిని జప్తు చేసి అమ్మడం. రెండు, కలెక్టరుకు వారంటు పంపి భూమిశిస్తు బకాయిలాగా వసూలు చేయించడం. భూమి, ఇల్లు ఈ రెండో దారిలోనే జప్తుకు వస్తాయి.

అయితే పేదలకు రక్షణలూ ఉన్నాయి. జరిమానా మాత్రమే శిక్షగా పడి, కట్టకుంటే జైలని తీర్పులో ఉంటే, 464వ సెక్షన్ కింద 30 రోజుల గడువుగానీ రెండు మూడు వాయిదాలుగానీ అడగవచ్చు. జరిమానాకు బదులు విధించిన జైలు పూర్తిగా అనుభవించినవారిపై మామూలుగా వారంటు ఇవ్వరాదు. ఇవ్వాలంటే ప్రత్యేక కారణాలు రాతపూర్వకంగా చూపాలి, లేదా ఆ జరిమానాలోంచి ఖర్చులో నష్టపరిహారమో చెల్లించాలని కోర్టు ఆదేశించి ఉండాలి.

ఇక లావణి పట్టా సంగతి. భూమిలేని పేదలకు అమ్మరాదనే షరతుతో ఇచ్చిన భూమికి 1977 నాటి 9వ నంబరు చట్టం అడ్డుగోడ. దాని 3వ సెక్షన్, కోర్టు డిక్రీ కిందగానీ మరో అధికారి ఉత్తర్వు కిందగానీ జరిగే బదిలీకి కూడా వర్తిస్తుంది. అలాంటి బదిలీ చెల్లదు. ప్రభుత్వానికో, సహకార సంఘానికో, బ్యాంకుకో తాకట్టు పెట్టిన భూమి సంగతి వేరు.

ఇదే 461వ సెక్షన్ మనవైపూ పనిచేస్తుంది. దళితుల మీద దాడి చేసినవాడికి జరిమానా వేసి, అందులోంచి బాధితులకు పరిహారం ఇవ్వాలని కోర్టు చెప్పిందనుకుందాం. వాడు జైల్లో కూర్చొని లెక్క సరిపోయిందంటే కుదరదు, వాడి భూమి జప్తు చేయమని అడగవచ్చు. కాబట్టి కార్యకర్తలు తీర్పు నకలు తీసుకొని, పరిహారం మాట అందులో ఉందో లేదో ముందుగా చూడాలి. మనవాళ్ల భూమి మీదికి వారంటు వస్తే, పట్టా నకలు పట్టుకొని వెంటనే అభ్యంతరం రాసియ్యాలి.