కారులో నడిమి చోటు ఎవరిది?

ఇంటికి కారు కొనవలెనను ప్రస్తావము వచ్చినప్పుడు పురుషులు ఇంజనును గూర్చియు, పిల్లలు రంగును గూర్చియు మాటలాడుదురు. గృహిణి తఱచుగా ధర యడిగి యూరకుండును. ఈ యూరకుండుట తగదని మా యభిప్రాయము. కారణమును ఒక కారు చరిత్రము మూలమున విశదపఱచెదము.

క్రాసోవరు అను కారు చూపునకు జీపువలె ఎత్తుగా నుండును. కట్టుబడిలో మామూలు కారే. ఎక్కుటకు దిగుటకు అంతగా వంగనక్కఱలేదు గనుక మోకాళ్ల నొప్పులుగల పెద్దలకు సుఖము. ఇట్టివానిలో కియావారి సెల్టాస్ తెలుగువారికి మిక్కిలి చేరువైనది. ఒకప్పుడు విజయనగర ప్రభువులకు రాజధానియైన పెనుగొండ చెంతగల కర్మాగారమున తయారై, 2019 ఆగస్టులో అమ్మకమునకు వచ్చినది.

తొలుత దీనికి మూడు ఇంజనులుండెను: ఇంచుమించు 115 అశ్వశక్తిగల 1.5 లీటర్ల పెట్రోలు, అంతే శక్తిగల 1.5 లీటర్ల డీజిలు, 140 అశ్వశక్తిగల 1.4 లీటర్ల టర్బో పెట్రోలు. కొన్నవారు కారును మెచ్చుకొనుచునే కొఱతలను లెక్కించిరి. 2020లో వచ్చిన హ్యుందాయ్ క్రెటాకు పైకప్పు పొడవునను అద్దమున్నది, మన దానికి లేదనిరి. అమెరికాలో అమ్ము సెల్టాసునకు నాలుగు చక్రములను త్రిప్పు ఏర్పాటున్నది, మన దేశపు దానికి లేదనిరి. 2023 జూలైలో కారు రూపు మార్చి, పెద్ద అద్దపు కప్పును, 160 అశ్వశక్తిగల 1.5 లీటర్ల టర్బో ఇంజనును తెచ్చిరి. కాని ఆ యేటనే డీజిలు కారునకు మూడు పెడళ్ల చేతిగేరును తీసివేసిరి. క్లచ్చి లేక చేతితో గేరు మార్చునదియు, గేరు తానై మారునదియు మాత్రమే మిగిలెను. అలవాటుపడినవారు నొచ్చుకొనిరి. 2024 జనవరిలో ఆ చేతిగేరు మరల వచ్చినది.

ఈ కొఱతలలో సంసారమునకు నిజముగా కొఱత యేది? అద్దపు కప్పు లేకున్న ఎవరికిని హాని లేదు. నాలుగు చక్రముల త్రిప్పు బురదలోను మంచులోను ఉపకరించును. బడికి బజారునకు పోవువారికి దాని బరువును, అందులకగు ఇంధనమును దండుగ. ఇంజను విషయమున గృహిణి యొక్క ప్రశ్న వేసిన చాలును: ‘దినమునకు మన మెంత దూరము పోవుదుము?’ నేటి డీజిలు కార్లలో పొగమసిని పట్టు జల్లెడ యొకటి యుండును. దూరప్రయాణముల వేడికి ఆ మసి కాలిపోవును. నాలుగేసి కిలోమీటర్లు నడిపి ఆపుచుండిన, జల్లెడ పూడుకొని ఖర్చు తెచ్చును. కావున ఊరిలోనే తిరుగువారికి పెట్రోలును, తఱచుగా దూరపుటూళ్లకు పోవువారికి డీజిలును తగియుండును.

ఇక అందఱును మఱచు కొఱత వేఱొకటి కలదు. 2020లో గ్లోబల్ ఎన్‌క్యాప్ వారు రెండే గాలిసంచులుగల సెల్టాసును ఢీకొట్టించి పరీక్షించిరి. ఐదు నక్షత్రములలో పెద్దల రక్షణకు మూడు, పిల్లల రక్షణకు రెండు మాత్రమే వచ్చెను. వెనుకసీటు నడుమ కూర్చుండువారికి భుజముమీదుగా వచ్చు బెల్టు లేక, ఒడిమీది పట్టీ మాత్రమే యుండుటయు, పిల్లల సీటును బిగించు ఐసోఫిక్స్ కొక్కెములు అన్ని రకములలోను లేకుండుటయు ఆ పరీక్షలో లోపములుగా తేలెను.

వెనుకసీటు నడుమ కూర్చుండు వారెవరు? ఇంటి యజమాని కాడు. చంటిబిడ్డను ఒడిలో పెట్టుకొన్న తల్లియో, అమ్మమ్మయో, అక్కకును తమ్మునికిని నడుమ ఇఱుకుకొన్న పిల్లయో! ఒడిపట్టీ మాత్రమున్న, బండి హఠాత్తుగా ఆగినప్పుడు మేను ముందునకు విఱుచుకొనిపడి, అదరంతయు పొట్టమీద పడును. ఒడిలోని బిడ్డను ఏ తల్లి చేతులును అప్పుడు పట్టి యుంచజాలవు.

2022లో ఈ కారు రకములన్నిటికిని ఆఱు గాలిసంచులు వచ్చినవి. 2023 నాటి మార్పుతో వెనుక మువ్వురికిని భుజపు బెల్టులు వచ్చినవి. ఇది సంతోషమే. కాని అంతకుముందు అమ్ముడుపోయిన కార్లు చేతులు మాఱి అమ్ముడగుచునే యున్నవి. చౌకగా వచ్చినదని కొనువారు సంవత్సరమును, రకమును చూడక, అద్దపు కప్పునే చూచుచున్నారు.

కావున సోదరీమణులకు మా మనవి యిది. ఏ సంస్థ కారైనను సరే, కొనకముందు ఇంటిల్లిపాదియు అందులో ఎక్కుడు. మీరే వెనుక నడుమ కూర్చుండి, బెల్టు లాగి, భుజముమీదుగా వచ్చుచున్నదో లేదో చూడుడు. సీటు మడతలో వ్రేళ్లుంచి ఐసోఫిక్స్ కొక్కెములను తడవుడు. దుకాణమున చూపునది తఱచుగా ఖరీదైన రకము. మీరు కొనదలచిన రకమున ఏవి యున్నవో వ్రాయించి తీసికొనుడు. గర్భిణులు బెల్టు మానరాదు. క్రింది పట్టీని పొట్ట క్రిందుగా, తుంటిమీదను, పై పట్టీని ఱొమ్ముల నడుమగాను ఉంచుకొనవలెను.

ఇంజను ఏదియైనను ఊరు చేర్చును. నడిమి చోటున కూర్చున్నవారు క్షేమముగా చేరుట మాత్రము, కొనునాడు మీ రడుగు ప్రశ్నను బట్టి యుండును. ధర యడిగిన నోటితోనే దానిని గూడ అడుగుడు.