కొయ్యనేల

వానకాలము రాగానే కొన్ని యిండ్లలో తలుపులు బిగిసికొనుట మీరు చూచియే యుందురు. ఎంత నెట్టినను అవి సరిగా పడవు. వడ్రంగిని పిలిచి చిత్రిక పట్టింతుము. వేసవి వచ్చునప్పటికి ఆ తలుపునకే సందు పడును. దీనికి కారణమేమి? చెట్టును నరికిన పిదప కూడ కొయ్య గాలిలోని తేమను పీల్చుట, విడుచుట మానదు. పీల్చినపుడు ఉబ్బును, విడిచినపుడు కుంచించుకొనును.

ఒక్క తలుపే యింత తొందర పెట్టునపుడు, గదినంతటిని కొయ్యపలకలతో పరచుట యెంత కష్టమో ఊహింపుడు. మనము ఎండకు చల్లగా నుండునని రాతిబండలు పరచుకొందుము. మంచు కురియు దేశములలో రాతినేలపై కాలు నిలువదు. కొయ్య పాదమునకు అంత చల్లగా తగులదు. కావున అచటివారు కొయ్యనేలలను కోరుదురు.

అట్టి దేశములలో డెన్మార్కు ఒకటి. దాని దక్షిణభాగమున జెల్సు అను గ్రామము కలదు. అచట డినెసెన్ అను కుటుంబము 1898లో ప్రారంభించిన ఱంపపు మిల్లు తరతరములుగా ఆ కుటుంబము చేతనే నడచుచున్నది. గదిలో ఈ గోడ నుండి ఆ గోడ వరకు అతుకు లేకుండ సాగు పొడవైన పలకలు వారి ప్రత్యేకత. కొన్ని పలకలు 15 మీటర్ల పొడవుండును. వానికి ఓకు, డగ్లసు ఫర్ అను వృక్షములను వాడుదురు. డగ్లసు ఫర్ ఉత్తర అమెరికా వృక్షము. డేవిడ్ డగ్లస్ అను వృక్షశాస్త్రజ్ఞుడు దాని విత్తనములను 1827లో బ్రిటనుకు చేర్చెను. అంత పొడవైన పలక రావలెనన్న చెట్టు ఎన్నో పదుల యేండ్లు పెరుగవలెను. తాత నాటిన చెట్టును మనుమడు కోయును.

ఈ పనిలో మొదటిది కోత. దుంగను అడ్డముగా కోసిన వలయములు కన్పించును గదా! ఆరునపుడు కొయ్య ఆ వలయముల వెంబడి ఎక్కువగా కుంచించుకొనును. నడిమి నుండి బెరడు వైపునకు అందులో సుమారు సగమే. నిలువున మార్పు మిక్కిలి స్వల్పము. ఏ దిశగా కోసిన పలక వంగదో తెలిసికొనియే ఱంపము పెట్టవలెను.

రెండవది ఆరబెట్టుట. పలకల నడుమ సన్నని బద్దలుంచి గాలి యాడునట్లు పేర్చుదురు. అంగుళము మందమునకు ఒక యేడు అనునది పాతకాలపు వడ్రంగుల లెక్క. పిదప వెచ్చని గదులలో నుంచి, తేమ నూటికి ఇంచుమించు 8 పాళ్లకు దిగువరకు మెల్లగా ఆరబెట్టుదురు. త్వరపడి వేడి పెంచినచో పైభాగము ముందే ఆరి బిగియును. లోపల తడి నిలుచును. తుదకు పలక పగులును.

మూడవది కూర్పు. పలకకు ఒక అంచున గాడి తీసి, రెండవ అంచున నాలుక వంటి భాగమును మిగుల్తురు. ఒకదాని నాలుక వేరొకదాని గాడిలో అమరును. గోడల చెంత మాత్రము వ్రేలెడు సందు విడిచి, దానిపై బద్ద కప్పుదురు. చూచువారికి ఆ సందు కన్పింపదు. అది లేనిచో తేమకు ఉబ్బిన పలకలకు చోటు చాలక నేల నడుమ పైకి లేచును. చలికాలమున ఇండ్లలో నిప్పువేడికి గాలి పొడిబారి, పలకల మధ్య సన్నని చీలికలు కన్పించును. వేసవిలో అవియే మూసికొనును. అది లోపము కాదు, కొయ్య స్వభావము.

నేల పరచిన నాడు మంచి పనికిని, తొందర పనికిని భేదము తెలియదు. రెండును ఒక్కతీరుగనే మెఱయును. ఋతువులు మారిన పిదపనే గుట్టు బయటపడును. అప్పటికి పనివాడు కూలి పుచ్చుకొని వెడలిపోవును. కాని తండ్రి వేసిన నేలకు కొడుకు బదులు చెప్పవలసిన యింట అట్లు సాగదు. అందుచేతనే అట్టివారు ఎవరికిని కన్పింపని ఆరుదలయందును, గోడ చాటు సందునందును అంత శ్రద్ధ వహింతురు.

ఈసారి వానలకు మీ యింటి తలుపు బిగిసినచో వెంటనే చిత్రిక పట్టింపకుడు. ఎండలు వచ్చువరకు ఆగి చూడుడు. కొయ్యతో పని చేయువానికి ఓర్పే మొదటి పనిముట్టు.